కింద ఉన్న మాటే చెల్లుతుంది

ఆ రోజు కోసం పెద్దాయన అనుకున్న పనులు మూడే మూడు. సాయంత్రం ఐదింటి దాకా ఫోను మోగకుండా చూసుకోవడం, ఐదింటికి ఆ ఫోను ఇంకొకరి చేతిలో పెట్టడం, ఆరున్నర రైలెక్కి నిద్రపోవడం. ఇంతకంటే చిన్న కోరిక ఉంటుందా అనిపిస్తుంది. కానీ ఇలాంటి చిన్న కోరికలు కోరుకునేవాళ్లనే కాలం ఎక్కువగా ఏడిపిస్తుంది.

పెద్దాయన వయసు నలభై నాలుగు. ఆయనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా ఆయన్ని ‘పెద్దాయనా’ అనే పిలుస్తారు, కళ్ల కింద సంచులు చూసి. ఎనిమిదంతస్తుల ఆఫీసు భవనంలో తలుపులూ, లిఫ్టులూ, దీపాలూ నడిపే కంప్యూటర్లని కనిపెట్టుకుని ఉండడం ఆయన ఉద్యోగం. వాటిలో ఏది మొరాయించినా ఒక నల్లటి డ్యూటీ ఫోను మోగుతుంది. ఆ ఫోను తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గరే ఉంది.

దానికి కొన్ని నియమాలున్నాయి. ఫోను ఎవరి దగ్గరుంటే వాళ్లు భవనానికి అరగంట దూరం దాటి పోకూడదు. దాన్ని ఇంకొకరికి అప్పగించాలంటే, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా అది ఒక్కసారి కూడా మోగని రోజునే అప్పగించాలి. తగలబడుతున్న ఇంటిని పక్కవాడి నెత్తిన పడేసి పారిపోకుండా వెనకటివాళ్లెవరో పెట్టిన నియమం అది. తొమ్మిదేళ్లలో ఫోను మోగని రోజులు రెండే వచ్చాయి. రెండూ ఆదివారాలే. ఇద్దామంటే పుచ్చుకునేవాళ్లు లేరు.

ఈసారి పుచ్చుకోవడానికి మనిషి దొరికింది. మూడో అంతస్తులో కూర్చునే నెట్‌వర్కు ఇంజినీరు. మాట ఖచ్చితం మనిషి. “ఒక్క మోత మోగినా నేను ముట్టుకోనండీ, ముందే చెప్తున్నా,” అంది. అందుకని పెద్దాయన రెండు వారాలుగా భవనమంతా తిరిగి, మొరాయించబోయేవాటిని మొరాయించకముందే బాగుచేసుకుంటూ వచ్చాడు. బిగుసుకున్న తలుపులకి నూనె పెట్టాడు. పాత బ్యాటరీలు మార్చాడు. అయిదో అంతస్తు లిఫ్టుని దాదాపు బతిమాలాడు.

ఇంట్లో భార్య రెండు సంచులు సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. ఆవిడ ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. కొండల మీద ఉన్న వాళ్లక్క ఇంటికి వెళ్లాలని తొమ్మిదేళ్లుగా అనుకుంటూనే ఉన్నారు. ఈలోగా ఆ అక్క మూడు ఇళ్లు మారింది. పెద్దాయన వాటిలో ఒక్కటీ చూడలేదు.

“ఏమండీ, ఇవాళ మీకు నేను ఫోన్ చెయ్యను. నేను చేసినా మోగినట్టే లెక్క కదా?”

“లెక్కే. నా సొంత ఫోను ఉందిగా?”

“అది మీ గదిలో ఛార్జింగులో పెట్టి మర్చిపోతారు. ఎన్నిసార్లు చూడలేదూ. నేను ఆరింటికి ప్లాట్‌ఫారం మీదుంటాను. మీరు రాకపోతే ఒక్కదాన్నే ఎక్కేస్తాను. ఇంటికి మాత్రం రాను.”

“ఎప్పటికీనా?” అన్నాడు పెద్దాయన, చెప్పులు వేసుకుంటున్నవాడు ఆగిపోయి.

“నాలుగు రోజులు. కంగారు పడకండి.”

ఆవిడ ఆ మాట కోపంగా అని ఉంటే ఆయనకి ఇంత కష్టంగా ఉండేది కాదు. అలసటగా అంది. ఈ తొమ్మిదేళ్లూ ఆ ఫోను మోగినప్పుడల్లా తనతో పాటు ఆవిడకీ మెలకువ వచ్చిందని ఆయనకి తెలుసు. ఎలాగైనా సరే ఈ రైలు ఎక్కాలి అనుకుంటూ బయల్దేరాడు.

ఆఫీసుకి చేరగానే మేనేజరు పిలిచాడు. ఆయన కొత్తగా వచ్చి నెలైంది. సర్దుడు మనిషి. బల్ల మీద పెన్నులు పొడుగు ప్రకారం ఉండాలి. గోడ మీద పటం గోరంత వంగినా మాట మధ్యలో లేచివెళ్లి సరిచేసి వస్తాడు. ఆ రోజు పెద్ద ఆఫీసు నుంచి తనిఖీ అధికారి రాబోతున్నాడు.

“పెద్దాయనా, మన కాన్ఫిగరేషన్ ఫైళ్లు చూశాను. ఏంటండీ ఆ గందరగోళం? ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. ఓ వరస లేదు, ఓ వావి లేదు. ‘సర్దు’ అని ఒక టూల్ ఉందట. నల్ల తెర మీద ఒక్క కమాండ్ కొడితే చాలు, మొత్తం వరసక్రమంలో పెట్టేస్తుందట. ఇప్పుడే కొట్టండి.”

కాన్ఫిగరేషన్ ఫైళ్లంటే వేరే ఏం లేదు. ఏ తలుపు ఎప్పుడు తెరవాలి, ఏ దీపం ఎప్పుడు ఆర్పాలి అని యంత్రాలకి మనుషులు రాసిపెట్టే చీటీలు. అలాంటివి ఆ భవనంలో రెండువందల పన్నెండు ఉన్నాయి.

“సార్, అన్నిటినీ సర్దకూడదండీ,” అన్నాడు పెద్దాయన. “యంత్రం పైనుంచి కిందకి చదువుకుంటూ పోతుంది. పైన ‘మూయి’ అని, కింద ‘తెరువు’ అని ఉంటే, తెరుస్తుంది. కింద ఉన్న మాటే చెల్లుతుంది. తలుపుల ఫైలు, లిఫ్టుల ఫైలు, దీపాల ఫైలు, లోపం వస్తే ముందు ఎవరికి ఫోను చెయ్యాలో రాసిన ఫైలు, ఈ నాలుగింటిలో వరస మారిందంటే కొంప మునుగుతుంది.”

“అయితే ఆ నాలుగూ వదిలేయండి. మిగతావి సర్దండి. నా ల్యాప్‌టాప్ మీదే కానివ్వండి, నేనూ చూస్తాను.”

వాదించడానికి ఓపిక కావాలి. ఉన్న ఓపికనంతా ఆయన సాయంత్రానికి దాచుకున్నాడు. ‘సర్దు’కి కూడా ఒక సొంత చీటీ ఉంటుంది. అందులో పైన ‘అన్నీ సర్దు’ అనీ, దాని కింద ‘ఈ నాలుగూ ముట్టుకోకు’ అనీ రాశాడు. ఎందుకైనా మంచిదని మొత్తం ఫైళ్లకి ఒక నకలు తీసి పక్కన పెట్టాడు. కమాండ్ కొట్టాడు. రెండు సెకన్లలో తెర మీద జవాబొచ్చింది: సర్దినవి 208, వదిలేసినవి 4.

“చూశారా!” అన్నాడు మేనేజరు. పెద్దాయన నాలుగు ఫైళ్లూ తెరిచి చూసుకుని, ఊపిరి పీల్చుకుని, కింద నేలమాళిగలో ఉన్న తన గదికి వెళ్లిపోయాడు.

ఆయన చూసుకోనిది ఒక్కటే. సర్దిన ఆ రెండువందల ఎనిమిదిలో ‘సర్దు’ సొంత చీటీ కూడా ఉంది. పాపం అది చాలా నిజాయితీ గల టూలు. ఊరందరి ఇళ్లూ ఊడ్చి తన ఇల్లు వదిలేసే రకం కాదు. తన చీటీని కూడా వరసలో పెట్టుకుంది. మాటలైతే పొడుగువి పైన, పొట్టివి కింద పెట్టడం దాని పద్ధతి. ఆ వరసలో ‘ఈ నాలుగూ ముట్టుకోకు’ పైకెళ్లింది, ‘అన్నీ సర్దు’ కిందకొచ్చింది. అంటే ఆ కమాండ్ రెండోసారి ఎవరైనా కొడితే ఇక మినహాయింపులు లేవు. అయినా ఒకసారి సర్దినదాన్ని రెండోసారి ఎవడు సర్దుతాడు?

ఆ రెండువందల ఎనిమిదిలో గేటు ఫైలు కూడా ఉంది. బయటినుంచి వచ్చేవాళ్ల పాసు నంబర్లూ, ఒక్కో నంబరు మీద గేటు కాపలావాళ్ల కోసం ఒక్కో సూచనా ఉంటాయి. ‘సర్దు’ సూచనల్నీ వరసలో పెట్టింది, నంబర్లనీ వరసలో పెట్టింది, తరవాత ఒక సూచన కింద ఒక నంబరు చొప్పున జత కట్టింది. పెళ్లికొడుకుల్ని ఎత్తు ప్రకారం, పెళ్లికూతుళ్లని ఎత్తు ప్రకారం నిలబెట్టి తాళి కట్టించేసినట్టు.

పదకొండు గంటలకి భుజాన డబ్బా తగిలించుకుని ఎలకల మందు వేసే ఆయన వచ్చాడు. కాపలా ఆయన పాసు నంబరు కొట్టాడు. తెర మీద వచ్చింది: ‘పెద్ద ఆఫీసు నుంచి. ఎదురెళ్లి తీసుకురావాలి. మేనేజరు గారికి వెంటనే కబురు.’ కాపలా ఆయన లేచి సెల్యూట్ కొట్టాడు. డబ్బా తను మోస్తానన్నాడు.

“వద్దండీ, కారుతుంది,” అన్నాడు ఎలకల మందాయన భయపడుతూ.

పావుగంట తరవాత చేతిలో తోలుసంచీతో అసలు తనిఖీ అధికారి వచ్చాడు. ఆయన నంబరు కొడితే, ‘గొడవ మనిషి. లోపలికి పంపొద్దు. కూర్చోబెట్టి కనిపెట్టుకుని ఉండాలి,’ అని వచ్చింది. కిందటేడు గోల చేసి వెళ్లిన ఒక రంగుల కాంట్రాక్టరు కోసం రాసిన సూచన అది.

“నేను తనిఖీకి వచ్చానయ్యా!”

“మీలాంటివాళ్లంతా అదే చెప్తారండీ. ఇలా కూర్చోండి. మంచినీళ్లు కావాలా?”

“మీ మేనేజరుకి ఫోన్ చెయ్యి.”

“పంపొద్దని రాసుంది కదండీ. రాసి ఉన్నదాన్ని కాదనడానికి నేనెవర్నండీ?”

ఈ మాట వినగానే తనిఖీ అధికారి తోలుసంచీ కింద పెట్టాడు. ముప్పయ్యేళ్లుగా ఆయన అందరికీ చెబుతున్న మాట అదే. వెళ్లి కాపలా గదిలో బెంచీ మీద కూర్చున్నాడు.

లోపల రిసెప్షన్ హాల్లో మేనేజరు ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, డబ్బా మనిషిని చూసి ఒక్క క్షణం తెల్లబోయాడు. వెంటనే తేరుకున్నాడు. ఈ తనిఖీ అధికారి చెప్పాపెట్టకుండా రకరకాల వేషాల్లో వస్తాడని ఆఫీసుల్లో ఒక పుకారుంది. ఆహా, ఎంత సహజంగా ఉంది వేషం, వాసనతో సహా అనుకున్నాడు.

“రండి సార్, మొత్తం మీరే చూడండి. దాచడానికేం లేదు.”

ఎలకల మందాయన మోకాళ్ల మీద కూర్చుని, బల్ల కిందకి టార్చి వేసి, నిట్టూర్చాడు. “పైకి అద్దంలా ఉంటుందండీ అంతా. లోపలుంటుంది అసలు సంగతి. ఇక్కడ ఎన్నేళ్లుగా ఎవరూ చెయ్యి పెట్టలేదో.”

మేనేజరు గబగబా అందుకున్నాడు. “ఈ పొద్దున్నే సర్దించామండీ. లోపల కూడా.”

“ఎన్నిసార్లు?”

“ఒకసారి.”

“ఒక్కసారితో ఏమవుతుందండీ?” అన్నాడు ఆయన జాలిగా. “మొదటి దెబ్బకి కొన్ని తప్పించుకుంటాయి. వెంటనే రెండో దెబ్బ వెయ్యాలి. అప్పుడు ఒక్కటి మిగలదు.”

వదిలేసిన నాలుగూ మేనేజరుకి గుర్తొచ్చాయి. ఈయనకి అన్నీ తెలుసు అనుకున్నాడు. వెంటనే ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లాడు. పై బాణం నొక్కితే పాత కమాండ్ మళ్లీ వస్తుందని పొద్దున పెద్దాయన పక్కన నిలబడి నేర్చుకున్నాడు. నొక్కాడు. ఎంటర్ కొట్టాడు. సర్దినవి 212, వదిలేసినవి 0.

“చాలా మంచి పని చేశారు,” అన్నాడు ఎలకల మందాయన, తెర చూడకుండానే, డబ్బా మూత తీస్తూ.

అప్పుడు సరిగ్గా పదకొండున్నర, టీ వేళ. సగం భవనం వరండాల్లో ఉంది. పెద్దాయన కూడా పైకొచ్చి, మూడో అంతస్తు వరండాలో కాగితం కప్పుతో నిలబడ్డాడు. అన్ని అంతస్తుల్లోనూ ఒకేసారి టప్ మని చప్పుడైంది. తలుపుల ఫైల్లో పైన ఉండాల్సిన ‘అన్నీ మూయి’ అట్టడుక్కి చేరింది మరి. గదుల్లోవాళ్లు గదుల్లో, వరండాల్లోవాళ్లు వరండాల్లో ఉండిపోయారు. లిఫ్టు ఎనిమిదో అంతస్తుకి వెళ్లి అక్కడే కూర్చుంది.

పెద్దాయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఫోను ఇప్పుడు మోగుతుంది, ఇప్పుడు మోగుతుంది అని కళ్లు మూసుకుని ఎదురుచూశాడు. మోగలేదు. తీసి చూశాడు. బ్యాటరీ నిండుగా ఉంది, సిగ్నల్ ఉంది. ఐదు నిమిషాలు గడిచినా మోగలేదు.

ఈ తొమ్మిదేళ్లలో భవనంలో చీమ చిటుక్కుమన్నా ఆ ఫోను మోగింది. అది మోగలేదంటే ఇది లోపం కాదని ఆయన తేల్చుకున్నాడు. తనిఖీ కోసం మేనేజరు పెట్టిన విన్యాసం ఏదో అయ్యుంటుంది. ఆయన గోడకి ఆనుకుని టీ తాగడం మొదలుపెట్టాడు.

వరండాలో ఉన్న నలభైమందీ ఆయన వంక చూశారు. “పెద్దాయనే తాపీగా టీ తాగుతున్నాడంటే ఏం కాలేదన్నమాట,” అనుకుని వాళ్లూ గోడలకి ఆనుకున్నారు. కింది అంతస్తులవాళ్లు మెట్ల మీంచి తొంగిచూసి, ఆయన్ని చూసి, వెనక్కి వెళ్లి తమ వాళ్లకి ధైర్యం చెప్పారు. ఆయన ఫోన్ని నమ్మాడు, భవనం ఆయన్ని నమ్మింది. గోడకి ఎర్ర మీట ఉంది, అద్దం పగలగొట్టి నొక్కితే తలుపులన్నీ తెరుచుకుంటాయి. కానీ దాంతోపాటు ఫైరింజన్ కూడా వస్తుంది. తనిఖీ రోజున అంత సాహసం చేసేవాళ్లెవరు? మేనేజరుకి ఫోన్ చేస్తే కట్ చేస్తున్నాడు.

మేనేజరు ఫోను మాత్రం ఊపిరి సలపకుండా మోగుతోంది. లోపం వస్తే ఎవరికి ఫోను చెయ్యాలో రాసిన ఫైల్లో పైన ఎవరుంటే ముందు వాళ్లకే పిలుపు పోతుంది; అక్కడ పెద్దాయన డ్యూటీ ఫోను నంబరు ఉండేది. ఆ ఫైలు ఇప్పుడు ఉద్యోగుల సంఖ్యల వరసలోకి మారింది. పెద్దాయన సంఖ్య నలభై ఆరు. మేనేజరు సంఖ్య ఒకటి, వచ్చిన వారానికే అడిగి మరీ వేయించుకున్నాడు.

“రెండో అంతస్తు తలుపు తెరుచుకోవడం లేదు. ఈ పిలుపు అందుకుని బాధ్యత తీసుకుంటున్నట్టయితే ఒకటి నొక్కండి,” అంది యంత్రం గొంతు. మేనేజరుకి చివరి రెండు ముక్కలే వినిపించాయి. అమ్మకాలవాళ్లెవరో అనుకుని ఒకటి నొక్కాడు. గొంతు ఆగిపోయింది. మళ్లీ మోగింది, మళ్లీ నొక్కాడు. కాసేపయ్యాక ఫోను చెవిదాకా తేవడం కూడా మానేసి, జేబులోనే బొటనవేలితో నొక్కేస్తూ, ఎలకల మందాయన వెంట గది మూలలన్నీ తిరిగాడు.

పన్నెండున్నరకి నెట్‌వర్కు ఇంజినీరు గాజు తలుపు అవతల నిలబడి, పెద్దాయనకి ఒక కాగితం చూపించింది. ‘ఇది డ్రిల్లా?’ అని ఉంది. ఆయన తలూపాడు. ఆవిడ ఇంకో కాగితం రాసింది. ‘ఎవరు చెప్పారు?’

పెద్దాయన కప్పు కింద పెట్టాడు. ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి అప్పుడు తట్టింది ఆయనకి. డ్యూటీ ఫోనుకి పిలుపులు రావడమే గాని పోవడం లేదు, సొంత ఫోను కింద గదిలో ఛార్జింగులో ఉంది. పక్కనున్నవాళ్ల ఫోను అడుక్కుని ఆవిడకి చేశాడు. జానెడు దూరంలో ఎదురెదురుగా నిలబడి, ములాఖత్‌కి వచ్చినవాళ్లలా ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు.

“తలుపుల ఫైలు చూడమ్మా ఓసారి.”

ఆవిడ వెళ్లి చూసి వచ్చింది. “చాలా అందంగా ఉందండీ. వరసగా, ముత్యాల్లా.”

పెద్దాయన గాజుకి నుదురు ఆనించాడు. “నకలు ఒకటుంది, పొద్దున తీశాను. అది తీసి దీని మీద పెట్టెయ్.”

ఆవిడ మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. “నకలు ఫైళ్ల పక్కనే పెట్టారాండీ?”

“పక్కనే.”

“అదీ అందంగానే ఉంది.”

అవే పేర్లతో ఉన్న నకలుని ‘సర్దు’ అసలుతో కలిపి ఒకటిగానే లెక్కేసి సర్దేసింది. చేతులు కాలాక పట్టుకోవడానికి దాచుకున్న ఆకులు కూడా కాలిపోయాయి. ఇక అసలు వరస ఎక్కడా లేదు. ఒక్కచోట తప్ప. తొమ్మిదేళ్లుగా మోగిన ప్రతి మోతకీ లేచి కూర్చుని చూసిన మనిషికి ఏ మాట ఏ మాట కింద ఉండాలో కంఠతా వచ్చేసింది. ఆయన చెప్తే ఆవిడ రాయాలి. కానీ చెప్పడం మొదలుపెట్టిన క్షణాన ఈ రోజు ఎలాంటి రోజో ఆవిడకి రుజువైపోతుంది, ఇక ఫోను పుచ్చుకోదు.

ఒక్క నిమిషం ఊరుకుందామా అనిపించింది ఆయనకి. ఫోను మోగలేదు. ఐదింటి దాకా గోడకి ఆనుకుని నిలబడితే చాలు. ప్లాట్‌ఫారం మీద రెండు సంచులతో నిలబడే భార్య కళ్లముందు మెదిలింది. వరండా చివర ఒక పెద్దవయసు గుమాస్తా మోకాళ్లు పట్టుకుని నేల మీద కూలబడి ఉంది. ఆవిడ రెండున్నరకి వేసుకోవాల్సిన మాత్రల డబ్బా తలుపు అవతల బల్ల మీదుంది.

“రాసుకోమ్మా,” అన్నాడు పెద్దాయన. “మొదటి మాట, అన్నీ మూయి.”

తలుపులకి నూటపది మాటలు, లిఫ్టులకి అరవై, దీపాలకి నలభై, చివరగా ఫోన్ల ఫైల్లో డ్యూటీ ఫోను మళ్లీ పైకి. ఆయన కళ్లు మూసుకుని చెప్పుకుపోయాడు. మధ్యలో ఒకచోట ఆగి, “కాదు, నాలుగో అంతస్తు క్యాంటీను ముందు, స్టోరు తరవాత. తారుమారైతే ఫ్రిజ్ ఆగిపోతుంది,” అన్నాడు. ఫోను ఇచ్చినవాడి బ్యాటరీ అయిపోతే ఇంకొకరు ఇచ్చారు. ఎవరో భుజం పట్టుకున్నారు. రెండుంపావుకి భవనమంతా టప్ మంది. తలుపులు తెరుచుకున్నాయి. జనం కేకలు వేశారు. ఆయన అలాగే జారి నేల మీద కూర్చున్నాడు.

నెట్‌వర్కు ఇంజినీరు వచ్చి పక్కనే కూర్చుంది. “నన్ను తిట్టుకోకండి. ఇలాంటి రోజున నేను తీసుకోలేను.”

“నేనైనా తీసుకోనమ్మా,” అన్నాడు ఆయన. ఆ మాట నిజంగానే అన్నాడు.

తరవాత భార్యకి ఫోన్ చేశాడు. “నువ్వు వెళ్లు. నాకు కుదిరేలా లేదు.”

ఆవిడ అడిగింది: “మోగిందా?”

“లేదు. మోగకుండానే మునిగింది.”

“సరే. టిక్కెట్టు రద్దు చెయ్యను. మీ సీటులో సంచులు పెట్టుకుంటాను,” అని ఆవిడ పెట్టేసింది. ఆయనకి ఏడుపొచ్చింది. నలుగురిలో ఉన్నాడు కనక ఆవులించినట్టు నటించాడు.

అదే సమయానికి కింద ఎలకల మందాయన మేనేజరు ముందు ఒక చీటీ పెట్టాడు. “సంతకం పెట్టండి సార్. ఈ హాలు మూలమూలా అయింది. రెండు రోజులు వాసన ఉంటుంది, చచ్చినవి ఎక్కడున్నా నేనే వచ్చి ఏరుకుపోతాను.”

మేనేజరు చీటీ రెండుసార్లు చదివాడు. “మీరు పెద్ద ఆఫీసు నుంచి కాదా?”

“మా షాపు చిన్నదేనండీ.”

“మరి పెద్ద ఆఫీసు ఆయనేడీ?” అని మేనేజరు గేటుకి పరిగెత్తాడు. కాపలా ఆయన వేలు పెదవుల మీద పెట్టాడు. “మెల్లగా సార్. గొడవ మనిషి ఒకాయన పడుకున్నాడు. చాలా మంచాయన.”

రెండు రోజులుగా ప్రయాణాల్లో ఉన్న తనిఖీ అధికారి ఆ బెంచీ మీద మూడు గంటలు ఒళ్లు మరిచి నిద్రపోయాడు. లేచేసరికి ఆయన మొహం వికసించి ఉంది. మేనేజరు కాళ్లావేళ్లా పడబోతుంటే ఆపి, “కాపలా ఆయన రాసి ఉన్నట్టే చేశాడు. ఇక్కడ సరిగ్గా పని చేసింది అతనొక్కడే. లోపల ఏం రాసుందో చూద్దాం పదండి,” అన్నాడు.

నాలుగున్నరకల్లా రికార్డులన్నీ ఆయన ముందున్నాయి. డ్యూటీ ఫోను రికార్డు తిప్పుతూ పెద్దాయన్ని పిలిచాడు. “ఇవాళ ఎన్నిసార్లు మోగింది?”

“మోగలేదండీ. కానీ...”

“కానీలు రికార్డులో రాయరు. సున్నా. ఐదింటికి మీరు దీన్ని అప్పగించేయొచ్చు.”

“నియమం ప్రకారం ఆయన ఇవ్వచ్చండీ,” అంది నెట్‌వర్కు ఇంజినీరు. “నేను పుచ్చుకోవాలని మాత్రం ఏ నియమమూ లేదు.” దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. పెద్దాయన తలవంచుకున్నాడు. గోడగడియారం నాలుగూ నలభై చూపిస్తోంది.

“మీరు పుచ్చుకోనక్కర్లేదు,” అన్నాడు అధికారి, యంత్రం అచ్చువేసిన ఇంకో కాగితం కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని. “ఇవాళ పిలుపులు వచ్చాయి, వేరే నంబరుకి. అరవై ఒక్క పిలుపులు. అరవై ఒక్కటికీ ‘బాధ్యత తీసుకుంటున్నాను’ అని జవాబొచ్చింది. ఒక్కటి కూడా వదల్లేదు. ఇంత శ్రద్ధ నా సర్వీసులో చూడలేదు. ఒకటో సంఖ్య ఎవరిది?”

మేనేజరు జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. బొటనవేలు ఎర్రగా వాచి ఉంది.

“సార్, నేను వినకుండా నొక్కాను.”

“నొక్కారా లేదా?”

“నొక్కాను.”

“అయితే పదకొండున్నర నుంచీ డ్యూటీ మీదే. ఈయన అప్పగించడం లాంఛనం. ఇక్కడ సంతకం పెట్టండి.”

పెద్దాయన నల్ల ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. మేనేజరుని చూస్తే జాలేసింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఛార్జర్ కూడా ఇచ్చాడు. “అయిదో అంతస్తు లిఫ్టు కొంచెం అలుగుతుందండీ. మంచిగా మాట్లాడండి,” అని మాత్రం చెప్పాడు. సరిగ్గా ఐదింటికి ఫోను మోగింది. అలవాటు కొద్దీ లేవబోయిన పెద్దాయన్ని నెట్‌వర్కు ఇంజినీరు చొక్కా పట్టి కూర్చోబెట్టింది. అప్పుడాయన మళ్లీ లేచి, ఈసారి గుమ్మం వైపు నడిచాడు.

ఆయన ప్లాట్‌ఫారం మీదకి వచ్చేసరికి ఆరూ ఇరవై. భార్య బండి దిగి వచ్చి, ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉండడం చూసింది, జేబులు తడిమి చూసింది. తరవాత ఇద్దరూ బండెక్కాక, ఆయన సీటు మీంచి సంచులు తీసి కింద పెట్టింది. బండి కదిలాక, “ఎవరికిచ్చారు?” అంది.

“సంతోషంగా పుచ్చుకున్నవాళ్లు లేరు. దొరికినవాళ్లకిచ్చాను.”

ఆవిడ నవ్వింది. చాలా రోజుల తరవాత ఆ నవ్వు విన్నాడు ఆయన. ఏదో అనబోయి, అనేలోపే ఆవిడ భుజం మీద నిద్రపోయాడు. ఆయన బరువుకి కదల్లేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆవిడ, ఒక్క నిమిషం కళ్లు మూద్దామనుకుంది.

వాళ్లు దిగాల్సిన స్టేషనులో బండి మూడు నిమిషాలు ఆగింది, ఎవరూ దిగకపోవడంతో వెళ్లిపోయింది.